కిడ్నీ జబ్బులో పథ్యం: వద్దుల జాబితా నుంచి పళ్లెం దాకా

సభలో ఉన్న పెద్దలకు, చికిత్స పొందుతున్నవారికి, వారి కోసం రోజూ వంటింట్లో నిలబడేవారికి నమస్కారం. చివరివారిని విడిగా పలకరించడానికి కారణం ఉంది. మూత్రపిండాల జబ్బులో మందులు రాసేది వైద్యులే అయినా, రోజుకు మూడు పూటలా ఆ జబ్బుతో తలపడేది వంట చేసే చెయ్యి.

కొన్నేళ్ల కిందట ఒక పెద్దమనిషి నా గదిలోకి వచ్చి, చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి బల్ల మీద పరిచారు. మడతల దగ్గర చిరిగితే టేపు వేసి అతికించిన ఆ కాగితం నిండా తాను తినకూడని వస్తువుల పేర్లు రాసుకున్నారు. వైద్యుడు చెప్పినవి నీలి సిరాతో, బంధువులు చెప్పినవి ఎర్ర సిరాతో, ఫోన్‌లో చదివినవి అంచుల్లో పెన్సిలుతో ఉన్నాయి. లెక్కపెడితే అరవై దాటాయి. "మరి నిన్న ఏం తిన్నారు?" అని అడిగాను. రెండు పూటలా వట్టి అన్నం, మధ్యలో నాలుగు బిస్కెట్లు అన్నారు. "వట్టి అన్నం నోటికి సయించడం లేదని కాస్త ఉప్పు చల్లుకుంటున్నాను, అంతే" అని కూడా అన్నారు. మూడు నెలల్లో ఆయన ఏడు కిలోలు తగ్గారు. రక్తపరీక్షలో పొటాషియం 4.2, మామూలుగానే ఉంది. అంటే ఆయన అన్ని పండ్లు మానవలసిన అవసరమే లేదు. నిజంగా తగ్గించుకోవలసినది ఉప్పు ఒక్కటే, ఆ అరవై పేర్లలో లేనిదీ అదొక్కటే.

ఇవాళ నేను మాట్లాడేదంతా ఆ కాగితం గురించే అనుకోండి. కిడ్నీ జబ్బుకు ఒక పథ్యం అంటూ లేదు. ఫలానా మనిషికి, ఫలానా దశలో, ఈ నెల రక్తపరీక్షలో కనిపించిన అంకెలకు తగిన భోజనం అంటూ ఉంటుంది. పక్కవారి పథ్యం మనకు పనికిరాకపోవడమే కాదు, మన నిరుటి పథ్యం కూడా ఈ ఏడు మనకు పనికిరాకపోవచ్చు.

ఆరోగ్యంగా ఉన్న రెండు మూత్రపిండాలు కలిసి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, అందులో ఒకటి రెండు లీటర్లు మినహా మిగిలినదంతా తిరిగి రక్తంలోకి చేరుస్తాయి. వడగట్టడం వాటి పనిలో సగమే. ఉప్పు ఎంత ఉంచాలి, పొటాషియం ఎంత పంపాలి, రక్తంలో ఆమ్లం ఎంత ఉండాలి అన్న లెక్క చూసేది కూడా అవే. మనం ఒక రోజు ఉప్పు ఎక్కువ తిని, మరుసటి రోజు పండ్లు ఎక్కువ తిని, ఇంకో రోజు పస్తున్నా శరీరం తొణకకుండా ఉంటున్నదంటే ఆ లెక్క సరిగా నడుస్తున్నదని అర్థం. జబ్బు ముదిరేకొద్దీ ఆ సర్దుబాటు శక్తి తగ్గుతుంది కనుక, లోపల జరగవలసిన లెక్కలో కొంత భాగాన్ని మనం బయట, పళ్లెంలోనే చెయ్యవలసి వస్తుంది. ఆ కొంత భాగం ఎంత అన్నదే మనిషి మనిషికీ మారుతుంది. వడపోత వేగాన్ని తెలిపే ఈజీఎఫ్ఆర్ అనే అంకె 60కి దిగువన ఇప్పుడే చేరినవారికి సాధారణంగా ఉప్పు తగ్గించడం, మాంసకృత్తులు మితిమీరకుండా చూసుకోవడం, రక్తపోటునూ చక్కెరనూ అదుపులో ఉంచుకోవడం సరిపోతాయి. 15కి దిగువన ఉన్నవారికి, డయాలసిస్ మీద ఉన్నవారికి లెక్క వేరు.

ఉప్పు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే దాదాపు అన్ని దశల్లోనూ వర్తించే మాట ఇదొక్కటే. ఆసుపత్రిలో చేతికి ఎక్కించే సెలైన్ సీసాను మీరు చూసే ఉంటారు. ఆ లీటరు నీటిలో ఉండేది 9 గ్రాముల ఉప్పు, అదీ మన రక్తపు ఉప్పదనానికి దగ్గరగా ఉండేలా కలిపినది. ఇప్పుడు దాన్ని తిప్పి ఆలోచించండి. మూత్రపిండాలు బయటికి పంపలేని 9 గ్రాముల ఉప్పును మనం తింటే, శరీరం తన ఉప్పదనాన్ని పాత స్థాయికి తెచ్చుకోవడానికి సుమారు ఒక లీటరు నీటిని పట్టి ఉంచుకుంటుంది. ఆ లీటరు నీళ్లు తాగేదాకా దాహం మనల్ని వదలదు. సాయంత్రానికి చెప్పుల పట్టీ బిగుసుకోవడం, పొద్దున కళ్ల కింద ఉబ్బు, మెట్లెక్కితే ఆయాసం, మూడు రకాల మాత్రలు వేసుకున్నా దిగని రక్తపోటు, ఇవన్నీ ఆ లీటరు కథే. మూత్రంలో ప్రొటీన్ పోకుండా ఇచ్చే మందులు కూడా ఉప్పు ఎక్కువ తినేవారిలో అంత బాగా పనిచెయ్యవు.

ఎంత తినవచ్చు? అంతర్జాతీయ కిడ్నీ వైద్య మార్గదర్శకాలు రూపొందించే కేడిగో సంస్థ 2024లో వెలువరించిన సూచన ప్రకారం రోజుకు 2 గ్రాముల సోడియానికి లోపు, అంటే 5 గ్రాముల ఉప్పుకు లోపు. ఒక చెంచాడు కన్నా తక్కువే. ఇక్కడ చాలామంది పొరపడే చోటు ఉంది. చెంచా అంటే కూరలో వేసే ఉప్పు మాత్రమే కాదు. బ్రెడ్డులో, చీజ్‌లో, పొట్లాల్లో వచ్చే చిరుతిళ్లలో, నిలవ చేసిన మాంసంలో, సూప్ పొడిలో, సాసుల్లో, ఊరబెట్టిన పదార్థాల్లో దాగిన ఉప్పంతా అదే చెంచాలోకి వస్తుంది. పొట్లం వెనుక చూస్తే "ఉప్పు" అని కాక "సోడియం" అని రాసి ఉండవచ్చు. ఆ అంకెను రెండున్నరతో హెచ్చవేస్తే ఉప్పు ఎంతో తెలుస్తుంది. 100 గ్రాములకు 800 మిల్లీగ్రాముల సోడియం అని ఉంటే అది 2 గ్రాముల ఉప్పు. రోజు మొత్తానికి అనుమతించిన దానిలో అయిదింట రెండు వంతులు ఆ ఒక్క గుప్పెడులోనే అయిపోయినట్టు. పైగా అంకె 100 గ్రాములకు ఇచ్చారో, ఒక వడ్డనకు ఇచ్చారో చూడాలి. ఆ "వడ్డన" ఒక్కోసారి పసిపిల్లలకు పెట్టేంత చిన్నది.

ఉప్పు తగ్గించిన మొదటి వారం అన్నం మట్టిలా ఉంటుంది, నేను అబద్ధం చెప్పను. కొన్ని వారాలు ఓపిక పడితే నాలుక అలవాటు పడుతుంది, ఆ తరువాత పాత వంటే కటిక ఉప్పుగా తోస్తుంది. నిమ్మరసం, వెనిగర్, వెల్లుల్లి, మిరియాలు, వేయించిన జీలకర్ర, పచ్చి ఆకుల వాసన ఆ కొన్ని వారాలు దాటించడానికి పనికొస్తాయి. ఒక్క దానికి మాత్రం చెయ్యి చాచకండి. "తక్కువ సోడియం ఉప్పు" పేరుతో అమ్మేవాటిలో చాలావరకు సోడియం బదులు పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. ఆరోగ్యవంతులకు అది మంచిదే కావచ్చు. పొటాషియం బయటికి పోని మనిషికి అది ప్రమాదం.

నీళ్ల గురించి రెండు ముక్కలు. "కిడ్నీలు బాగుండాలంటే నీళ్లు బాగా తాగాలి" అన్న మాటకు, రాళ్లు వచ్చేవారి విషయంలో అర్థముంది. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బులో మాత్రం ఎక్కువ నీళ్లు తాగించినంత మాత్రాన క్షీణత నెమ్మదించలేదని 2018లో వెలువడిన కెనడా అధ్యయనం ఒకటి చూపించింది. మూత్రం మామూలుగా వస్తూ, ఒంట్లో వాపు లేనివారు దాహానికి తగినట్టు తాగితే చాలు. డయాలసిస్ మీద ఉండి మూత్రం తగ్గినవారికి సాధారణంగా చెప్పే లెక్క, నిన్న వచ్చిన మూత్రం కొలత, దానిపైన సుమారు అరలీటరు. టీ, మజ్జిగ, సూప్, ఐసు ముక్కలు కూడా నీళ్ల లెక్కలోకే వస్తాయి. పొద్దున్నే ఆ కొలత నీళ్లను ఒక సీసాలో పోసుకుని, వేరే ఏది తాగినా అంత మేరకు సీసాలోంచి ఒంపేసేవారిని నేను చూశాను. ఇంతకన్నా మంచి లెక్కపుస్తకం లేదు. అయితే ఉప్పు తగ్గించకుండా నీళ్లు తగ్గించమనడం మనిషిని హింసించడమే.

ఇక పొటాషియం. మామూలుగా రక్తంలో లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీమోల్ దాకా ఉండవలసిన ఈ లవణం 6 దాటిందంటే గుండె లయ తప్పే ప్రమాదం మొదలవుతుంది. ఏ నొప్పీ, ఏ హెచ్చరికా లేకుండానే అది జరగవచ్చు. అందుకే వైద్యులు దీనికి భయపడతారు, భయపడడం న్యాయమే. ఆ భయం కాస్తా "కిడ్నీ జబ్బు అని తెలిసిన రోజు నుంచే పండ్లు మానెయ్యండి" అన్న ఆజ్ఞగా మారిపోవడం మాత్రం న్యాయం కాదు. పొటాషియం మామూలుగా ఉన్నవారు పండ్లు, కూరగాయలు మానితే పీచు పోతుంది, మలబద్ధకం వస్తుంది, రక్తంలో ఆమ్లం పెరుగుతుంది. ఈ రెండూ మళ్లీ పొటాషియాన్నే పెంచుతాయి. మూత్రపిండాలు బలహీనపడ్డాక పేగుల ద్వారా బయటికి పోయే పొటాషియం వాటా పెరుగుతుంది కనుక, రోజూ విరేచనం సాఫీగా కావడం ఇక్కడ ఒక చికిత్సే. ఇంకో మాట: అంకె పెరిగినప్పుడల్లా తప్పు పళ్లెందే అనుకోకండి. రక్తపోటుకు, గుండెకు వాడే కొన్ని మందులు, అదుపు తప్పిన చక్కెర, చివరికి రక్తం తీసినప్పుడు కణాలు చితికిపోవడం కూడా ఆ అంకెను పెంచగలవు. ముందు వైద్యుణ్ని అడగండి, తరువాత అరటిపండును నిందించండి.

నిజంగా తగ్గించవలసి వచ్చినప్పుడు పేరు కన్నా పరిమాణం, పరిమాణం కన్నా వండే తీరు ముఖ్యం. ఒక మోస్తరు అరటిపండులో సుమారు 420 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటే, ఆపిల్‌లో అందులో సగం కన్నా తక్కువ. తొక్కతో కాల్చిన ఒక మోస్తరు బంగాళదుంపలో రెండు అరటిపండ్ల పాటి ఉంటుంది. అలాగని దుంపను జీవితాంతం వదులుకోనక్కరలేదు. తొక్క తీసి, వేలి గోరంత ముక్కలుగా కోసి, ముక్కలు మునిగి ఈదేటన్ని నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోస్తే దాదాపు సగం పొటాషియం ఆ నీళ్లతోనే పోతుంది. నానబెట్టడం ఒక్కటే చాలదు, మరిగించాలి. ముక్క ఎంత చిన్నదైతే నీటిలోకి అంత దిగుతుంది. ఆవిరి మీద ఉడికించినా, నూనెలో వేయించినా పొటాషియం ఎక్కడికీ పోదు. ఉడికించిన నీళ్లలో విటమిన్లు ఉంటాయి కదా, వాటితో సూప్ చేసుకోవచ్చా అని ఒకావిడ అడిగారు. పారబోయవలసిన పొటాషియాన్ని గిన్నెలో పోసుకుని తాగినట్టు అవుతుందమ్మా అని చెప్పాను. పండ్ల రసాలు, టొమాటో గుజ్జు, ఎండబెట్టిన పండ్లు కూడా అలాంటివే. అయిదారు పండ్ల పొటాషియం ఒక్క గుక్కలో, ఒక్క పిడికిలిలో లోపలికి పోతుంది. స్టార్ ఫ్రూట్ అనే అయిదు రెక్కల పండు మాత్రం ఏ అంకెతోనూ నిమిత్తం లేకుండా పూర్తిగా నిషిద్ధం. అందులోని ఒక విషపదార్థం మూత్రపిండాలు చెడినవారి మెదడు మీద పనిచేసి, ఆగని ఎక్కిళ్లతో మొదలై మూర్ఛ దాకా తీసుకుపోగలదు.

ఫాస్ఫరస్ సంగతి త్వరగా చెబుతాను. ఇది పెరిగితే ఎముకలు గుల్లబారుతాయి, రక్తనాళాల్లో సున్నం పేరుకుంటుంది, ఒళ్లంతా దురద. పాలు, మాంసం, పప్పులు, గింజలు అన్నింటిలోనూ ఉంటుంది కానీ, అన్నీ ఒకేలా ఒంటబట్టవు. పప్పుల్లో, గింజల్లో ఉన్నది ఫైటేట్ అనే రూపంలో బిగుసుకుని ఉంటుంది కనుక సగానికి మించి ఒంటబట్టదు. తయారీలో కలిపే ఫాస్ఫేట్ లవణాలు మాత్రం దాదాపు పూర్తిగా రక్తంలోకి చేరతాయి. అందుచేత ముందు పప్పు మానడం కాదు, ముందు పొట్లం వెనుక చదవడం. పదార్థాల జాబితాలో "ఫాస్" అన్న అక్షరాలు ఎక్కడ కనిపించినా, లేదా కలిపిన పదార్థాలకు సంకేతాలైన ఇ338 (E338) నుంచి ఇ341 దాకా, ఇ450 నుంచి ఇ452 దాకా ఉన్న అంకెలు కనిపించినా, ఆ పొట్లాన్ని తిరిగి అల్మరాలో పెట్టెయ్యండి. నల్లటి కోలా పానీయాలు, ప్రాసెస్ చేసిన చీజ్, నిలవ మాంసం ఈ కోవలోవే. ఫాస్ఫరస్ తగ్గించే మాత్రలు రాసి ఉంటే అవి తిండిలోని ఫాస్ఫరస్‌ను పేగులోనే పట్టి ఉంచడానికి ఉద్దేశించినవి. భోజనంతో పాటు వేసుకోవాలి. పడుకునే ముందు గుర్తొచ్చి ఖాళీ కడుపున వేసుకుంటే పట్టుకోవడానికి అక్కడ ఏమీ ఉండదు.

మాంసకృత్తుల చరిత్ర ఆసక్తికరమైనది. డయాలసిస్ అందరికీ అందని 1960ల తొలి సంవత్సరాల్లో ఇటలీలో జోర్డానో, జోవన్నెట్టి అనే వైద్యులు ప్రొటీన్ బాగా తగ్గించి, ఉన్న కాస్తా గుడ్డులాంటి మేలైన వాటి నుంచి ఇస్తే, రక్తంలో యూరియా అనే వ్యర్థం పెరిగినవారికి వాంతులు, నిస్సత్తువ తగ్గుతాయని చూపించారు. అప్పటికి అదే ప్రాణాధారం. ప్రొటీన్ తగ్గిస్తే జబ్బు కూడా నెమ్మదిస్తుందా అని అమెరికాలో ఎనిమిది వందల మందికి పైగా రోగుల మీద జరిపిన ఎండీఆర్డీ అధ్యయనం ఫలితాలు 1994లో వెలువడ్డాయి. ఆశించినంత స్పష్టమైన లాభం కనబడలేదు. అందుకే ఇప్పటి సూచన మధ్యేమార్గంగా ఉంది. మూడో దశ నుంచి, అంటే ఈజీఎఫ్ఆర్ 60కి దిగువకు చేరినప్పటి నుంచి, డయాలసిస్ మొదలయ్యేదాకా కిలో బరువుకు రోజుకు 0.8 గ్రాములు లక్ష్యం, జబ్బు ముదిరే అవకాశం ఉన్నవారు ఎప్పుడూ 1.3 దాటకూడదు. 60 కిలోల మనిషికి 48 గ్రాములు. ఒక గుడ్డులో 6, ఒక గ్లాసు పాలలో 8, వండిన కోడిమాంసం 100 గ్రాములలో 27 నుంచి 30 దాకా ఉంటాయని గుర్తుంచుకుంటే, రోజంతా అన్నంలోనూ రొట్టెలోనూ వచ్చేది కలుపుకుని 48 ఎంత త్వరగా నిండుతుందో తెలుస్తుంది. కండల కోసం అమ్మే ప్రొటీన్ పొడులు ఈ దశలో వద్దు.

డయాలసిస్ మొదలైన రోజున ఈ లెక్క తలకిందులవుతుంది. రక్తాన్ని యంత్రంతో శుద్ధి చేసే హీమోడయాలసిస్‌లో ఒక్కోసారి కొన్ని గ్రాముల అమైనో ఆమ్లాలు, అంటే ప్రొటీన్‌ను కట్టే ఇటుకలు, కొట్టుకుపోతాయి. కడుపులో ద్రవం నింపి చేసే పెరిటోనియల్ డయాలసిస్‌లో రోజూ ప్రొటీన్ పోతూనే ఉంటుంది. కనుక కిలోకు 1 నుంచి 1.2 గ్రాములు కావాలి, 60 కిలోల మనిషికి 60 నుంచి 72. ఏళ్ల తరబడి "తగ్గించండి" అని విన్నవారికి ఒక్కసారిగా "పెంచండి" అంటే నమ్మకం కుదరదు. నా దగ్గరకు వచ్చినవారిలో నేను ఎక్కువసార్లు చూసిన నష్టం ఇదే: డయాలసిస్ మీద రెండేళ్లు గడిచాక కూడా పాత పథ్యమే పాటిస్తూ, చేతులు సన్నబడి, కుర్చీలోంచి లేవడానికి చేతి ఊతం వెతుక్కునేవారు. వారికి గుడ్డు తెల్లసొన మంచి స్నేహితుడు. ఒక్కొక్క దానిలో మూడున్నర గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, ఫాస్ఫరస్ నామమాత్రం.

ప్రొటీన్ ఎంత తిన్నా కడుపు నిండా తినకపోతే ఆ ప్రొటీన్‌నే శరీరం కట్టెల్లా మండించుకుంటుంది. కిలోకు 25 నుంచి 35 కేలరీలు అందాలి. కాగితం తెచ్చిన పెద్దమనిషికి నేను మొదట చేసిన చికిత్స నూనె. అన్నంలో నూనె, బ్రెడ్డు మీద ఉప్పు లేని వెన్న, రోజుకు రెండు పండ్లు. ఆ కాగితం వెనక్కి తిప్పి, ఖాళీగా ఉన్న వైపు తినవలసినవి రాయించాను. "ఇంత చోటు ఉందని నేను చూడనే లేదు" అన్నారాయన.

మధుమేహం కూడా ఉన్నవారికి ఒక హెచ్చరిక. మూత్రపిండాలు బలహీనపడితే ఇన్సులిన్ శరీరంలో ఎక్కువసేపు నిలుస్తుంది, అందువల్ల పాత మోతాదుకే చక్కెర పడిపోవచ్చు. అది నియంత్రణ బాగుపడిందన్న సంకేతం కాకపోవచ్చు. చక్కెర పడిపోయినప్పుడు, పొటాషియం సమస్య ఉంటే, నారింజరసం కాక చక్కెర నీళ్లో గ్లూకోజో వాడండి.

మూలికల పేరుతో, రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థాన్ని తగ్గిస్తామంటూ వచ్చే పొడుల గురించి అడగకముందే చెబుతాను. 1990ల తొలి సంవత్సరాల్లో బెల్జియంలో సన్నబడడానికి మూలికల మందు వాడిన స్త్రీలలో పలువురికి మూత్రపిండాలు పూర్తిగా పాడయ్యాయి. అరిస్టొలోకిక్ ఆమ్లం అనే మొక్క విషం అందుకు కారణమని తేలింది. మొక్క నుంచి వచ్చినంత మాత్రాన హాని చెయ్యదన్న నమ్మకం ఎంతో ఖరీదైనది.

చీటీల మీద వచ్చిన ప్రశ్నలలో రెంటికి జవాబిచ్చి ముగిస్తాను. మొదటిది: ఇంట్లో ఒక్కరికి వేరే వంట చెయ్యాలా? అక్కరలేదు. అందరికీ ఒకే కూర ఉప్పు లేకుండా వండి, రోగి వాటా తీసి పక్కన పెట్టి, వారి కొలత ఉప్పు అందులో కలిపి, మిగిలినవారు తమ పళ్లెంలో కలుపుకోవచ్చు. ఒకే గిన్నెలోంచి తింటున్నానన్న భావం రోగి ఆకలికి ఎంత సాయపడుతుందో నేను అంకెల్లో చెప్పలేను.

రెండోది ఒక అబ్బాయి రాశాడు, డయాలసిస్ మీద ఉన్న తన తండ్రి తరఫున: "నెలకు ఒక్కసారైనా నాన్నకు ఇష్టమైనది పెట్టవచ్చా?" పెట్టవచ్చు నాయనా, రోజు చూసి పెట్టు. వారానికి మూడుసార్లు డయాలసిస్ చేసేవారికి ఒక విరామం రెండు రోజులు ఉంటుంది. గుండెకు ప్రమాదాలు ఆ పెద్ద విరామం చివరలోనే ఎక్కువ. కాబట్టి ఆ రెండు రోజుల్లో వద్దు. మర్నాడు డయాలసిస్ ఉండే చిన్న విరామంలో, నెల రక్తపరీక్షలో పొటాషియం సరిగా ఉంటే, పళ్లెంలో సగం పెట్టి, ఆయన తింటున్నప్పుడు మీరూ పక్కన కూర్చుని తినండి. మరుసటి పొద్దున బరువు తూచి రాసుకుని, డయాలసిస్‌కు వెళ్లినప్పుడు ఆ పుస్తకం నర్సుకు చూపించండి.